ఎడమ మోకాలి కథలు

నన్ను స్ట్రెచర్ మీద వెల్లకిలా పడుకోబెట్టి, మెడదాకా తెల్లదుప్పటి కప్పి, ఆపరేషన్ గది బయట గోడవారగా ఆపి వెళ్ళారు. డాక్టరు లోపల ఎవరిదో తుంటి సరిచేస్తున్నాడు, అది అయ్యాక బయటికొచ్చి నీలం కలంతో నా మోకాలి మీద గీత గీస్తాడు, గీత ఏ మోకాలి మీద పడితే ఆ మోకాలు కోసి ఇనప కీలు పెడతారు. అంతవరకూ బాగానే ఉంది, చిక్కల్లా ఏమిటంటే నేను చెప్పిన మోకాలు వేరు, నొప్పి పెట్టే మోకాలు వేరు. ఎక్స్‌రేలో రెండూ ఒకేలా అరిగిపోయాయట, కవలపిల్లల్లా ఉన్నాయన్నాడు డాక్టరు. "ఈ వయసులో రెండూ ఒకేసారి కుదరదు పెద్దాయనా. ఏది ఎక్కువ బాధపెడుతోందో చెప్పండి, అది ముందు చేద్దాం. రెండోది మీ గుండె ఒప్పుకుంటే చూద్దాం, ఒప్పుకుంటుందని మాత్రం నేను మాటివ్వలేను" అని పోయిన వారం కుడి మోకాలు నొక్కాడు, అమ్మో అన్నాను. ఎడమ మోకాలు నొక్కాడు, నేను సైకిల్ మీద రైలుతో పందెం కట్టి గెలిచిన కథ చెప్పాను. ఆయన కడుపుబ్బా నవ్వి, సరే కుడిది ముందు అన్నాడు. మా ఆవిడ పక్కనే కూర్చుని ఉంది. కుడికాలు ఏ పాపమూ ఎరగదు. జీవితంలో అది చేసిన కష్టమల్లా నా కోసం కుంటడమే.

పైన ట్యూబులైటు ఒకటి కొట్టుకుంటోంది, దాని పక్కన పైకప్పు మీద చెమ్మ మరక అచ్చం వానలో ఫుట్‌బాల్ మైదానంలా ఉంది, మధ్యలో చిత్తడి, గోలు ముందర ఇంకా చిత్తడి. నేనైతే కుడి అంచు పట్టుకుని వెళ్ళేవాణ్ణి, అక్కడ గడ్డి ఉండేది. ఇందాక ఈ బండి తోసుకొస్తుంటే ముందు చక్రం ఒకటి కిర్రుకిర్రుమంది, ఆ కిర్రు ఎక్కడో విన్నదే అనుకుంటూ వచ్చాను, ఇప్పుడు తట్టింది, చెక్కలతో కట్టిన సైకిల్ ట్రాక్‌ది. చలికాలం వస్తే మా మిల్లువాళ్ళు గోదాము వెనకాల పలకలు దిగ్గొట్టి గిన్నెలా ట్రాక్ కట్టేవాళ్ళు, తిరుగుతుంటే పలకలన్నీ పాటకచేరీ చేసేవి. వానాకాలం ఫుట్‌బాల్, చలికాలం సైకిల్, అది తగ్గాక కుస్తీ, ఎండలు ముదిరితే పరుగుపందెం, ఏడాది పొడుగునా నెలజీతం. ఇప్పుడంటే ఆటగాళ్ళకి జీతమంటే ఎవరూ కళ్ళు పెద్దవి చెయ్యరు గానీ మొదటిసారి జీతం తెచ్చి చేతిలో పెట్టినప్పుడు మా అమ్మ దాన్ని బల్లమీద పెట్టి దూరంగా జరిగింది. "ఎవర్ని మోసం చేసొచ్చావురా?" అంది. ఆడినందుకిచ్చారమ్మా అంటే, "ఆడితే జీతమా? అయితే రేపు నిద్రపోతే కూడా ఇస్తారేమో, మీ నాన్నకి చెప్పరా, పెద్ద ఉద్యోగమే దొరుకుతుంది" అంది. నాన్న అప్పుడు నిద్రలోనే ఉన్నాడు, నిద్రలోనే ఊఁ అన్నాడు.

మైదానానికి రెండు గేట్లుండేవి. సరదాకి ఆడే బాబులకి ముందు గేటు, జీతానికి ఆడేవాళ్ళకి పక్క గేటు, చెత్తబండి వెళ్ళేది కూడా ఆ పక్క గేటులోంచే. లోపల ఒకే జట్టు, ఒకే రంగు చొక్కా, బంతి నా దగ్గర్నుంచి బాబుగారికి, బాబుగారి దగ్గర్నుంచి నాకు, ఆట అవగానే ఆయన టీ మేడమీద, నా టీ రోలరు పెట్టే షెడ్డులో. "జీతగాడు" అనేవాళ్ళు మమ్మల్ని, తిట్టేం కాదు, అలాగని ముద్దూ కాదు. జనం మాత్రం నన్ను నాలుగాటలోడు అనేవాళ్ళు, ఆ పిలుపు వింటే ఛాతీ చొక్కా గుండీలు తెంపుకునేది. రెండు పడవల మీద కాళ్ళు పెట్టేవాడు మునుగుతాడంటారు, నేను నాలుగు పడవల మీద రెండు కాళ్ళు పెట్టాను, మునిగే తీరికెక్కడిది? ఫుట్‌బాల్ మేస్త్రీ నన్ను చూసి సైకిల్ తొక్కితే తొడలు బిగుసుకుపోతాయని తిట్టేవాడు, సైకిల్ మేస్త్రీ నడిస్తేనే ఒప్పుకునేవాడు కాదు, నడక కాళ్ళకి చేటట, కుస్తీ గురువు ఇంకా తిను ఇంకా తిను అనేవాడు, పరుగు నేర్పేవాడు నా కంచం లాగేసేవాడు. నలుగురు అత్తల కోడలిలా ఉండేది నా ఒళ్ళు. ఒక అత్త పెట్టిన బరువు ఇంకో అత్త దించేది. దాన్ని ఎవరూ మందలించకుండా ఒక్కరోజు గడిస్తే అది పండగే.

నర్సమ్మ వచ్చి దుప్పటి కింద నుంచి నా చెయ్యి లాగి బీపీ పట్టీ చుట్టి గాలి కొట్టింది. చిన్నపిల్ల, పొద్దున్నుంచీ నా కథలకి పడి పడి నవ్వుతోంది. నా కిక్కుకి బంతి పోయి మిల్లు పొగగొట్టంలో పడి, మధ్యాహ్నం కూతతోపాటు బయటికి ఎగిరొచ్చి గోల్లో దిగిందని చెప్పాను. పరుగుపందెంలో నా నీడ నాకంటే వెనకొచ్చి గీత దాటిందనీ, రెండో బహుమతి దానికే ఇచ్చారనీ చెప్పాను. అబద్ధమైనా అతికినట్టుండాలంటారు, నావి అతకవు, అందుకే ముచ్చటగా ఉంటాయి. ఇదే సమయం అనుకుని, మా ఆవిడ కిందకెళ్ళింది కదా, ఆవిడ వినకుండా పని చక్కబెట్టొచ్చనుకుని, "అమ్మాయ్, నిజం ఒకటి చెప్తా, డాక్టరుతో నువ్వే చెప్పు. నొప్పి కుడిది కాదు, ఎడమది" అన్నాను. ఆ పిల్ల పట్టీ విప్పుతూ, "ఓహో, మరి కుడిది పొగగొట్టంలోంచి వచ్చిందా తాతగారూ?" అంది. కాదమ్మా నిజంగానే అన్నాను. "మీ నీడది కూడా చేయించుకోండి, దానికి డబ్బులొద్దంటాం" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. బాగా అయింది నాకు. ఇన్నేళ్ళూ బూరలూదినట్టు ఊదిన నోరు ఇవాళ ఒక్క నిజం చెప్పబోతే అది కూడా బూరలాగే మోగింది.

ఆవిడ కిందకెళ్ళింది వాళ్ళన్నకి టీ ఇప్పించడానికి. మా బావ, కమలాపళ్ళ సంచీతో వచ్చి కింద వరండాలో కూలబడ్డాడట, మెట్లెక్కలేడు. ఒకప్పుడు వాడి పేరు రోలు. అవతలి జట్టులో బ్యాక్ ఆడేవాడు, మనిషిని గుద్దుకుంటే రోలుని గుద్దుకున్నట్టే, కదలడు, అరగడు, పైగా మనమే పిండవుతాం. రోట్లో తల దూర్చి రోకటిపోటుకి భయపడితే ఎలా అని నేనే వాడి మీదకి పోయేవాణ్ణి. పోయేముందు నా సామాను నాకుండేది. మా మాలిష్ మేస్త్రీ నేర్పిన విద్య అది, ఆయన చెవులు రెండూ కుస్తీలో నలిగి ముద్దబంతుల్లా ఉండేవి, వేళ్ళు మాత్రం వీణ వాయించేవాడికుండే వేళ్ళు. ఏ ఆటలో తగిలిన దెబ్బయినా సరే ఆయన బల్ల దగ్గరికే రావాలి. "చూడు నాయనా, ఎదుటివాడు నీ బంతి వంక చూడడు, నీ కుంటు వంక చూస్తాడు. కుంటిన కాలు మీదే తంతాడు. అందుకని నొప్పున్న కాలు మీద రాజులా నడువు, బాగున్న కాలు కుంటు. వాడు తన్నుకోనీ, నీకు పోయేదేం లేదు" అనేవాడు. చెప్పి ఊరుకునేవాడు కాదు, దెబ్బ తగిలిన చోట బొటనవేలు పెట్టి నొక్కుతూ, మొహం చూసేవాడు. కనుబొమ్మ కదిలిందా, మళ్ళీ నొక్కుడు. "పళ్ళు బిగించకు, బిగించినా తెలిసిపోతుంది. నోరు ఖాళీగా ఉంటే అరుస్తుంది, దానికేదో పని చెప్పు. కథ చెప్పు." ఏం కథ మేస్త్రీ అంటే, "నొప్పి ఎంతుంటే అంత కథ చెప్పు" అనేవాడు. పొగగొట్టం కథ పుట్టింది ఆ బల్లమీదే, తొడ కండరం చిట్లినప్పుడు. నీడ కథ చీలమండ బెణికినప్పుడు. మామూలు రోజుల్లో నాకు మాటలు వచ్చేవి కావు, మా అమ్మనడిగితే చెప్పేది, మూగమొద్దునని.

సైకిల్ మేస్త్రీకి ఇది తెలీదు, గురువుకీ తెలీదు, నాలుగు ఆటల్లో నాతో ఆడిన ఏ ఒక్కడికీ తెలీదు, సైకిల్ మీదనుంచి పడ్డా కుస్తీలో మెలి పడ్డా నేను లేచి బాగున్న కాలే కుంటుకుంటూ వచ్చేవాణ్ణి, ఎదుటివాళ్ళు పాపం ఆ కాలికేసే చూసేవాళ్ళు. తెలిసింది ఒక్క మనిషికి. పేటలో బంతులు కుట్టే దుకాణం ఉండేది, తోలుముక్కలు అంచుకి అంచు కలిపి మైనపు దారంతో కుట్టేవాళ్ళు, అక్కడ పనిచేసే అమ్మాయి తను కుట్టిన బంతి ఎలా ఆడుతోందో చూద్దామని ఆటలకి వచ్చేది, కుట్టు విచ్చితే చిన్నబోయేది. ఓ ఆట రోజు, అప్పటికే ఎడమ మోకాలు వాచి ఉందని, నేను కుడికాలు ఈడ్చుకుంటూ, మొహం ముడుచుకుంటూ, ఎడమకాలు దర్జాగా వేసుకుంటూ షెడ్డు మెట్లు దిగాను. ఆ అమ్మాయి వాళ్ళన్న చెవిలో చెప్పిందట, "అన్నయ్యా, ఆయన కుంటేది దొంగకుంటు. మెట్టు దిగేటప్పుడు ఎడమకాలే ముందు దించుతున్నాడు, మన అమ్మ మోకాళ్ళ నొప్పులకి అలాగే దిగేది" అని. వాళ్ళన్నే రోలు. ఆట సగంలో వాడు వచ్చాడు, నేను కుడికాలు ఎరగా పెట్టి నవ్వుకుంటున్నాను, వాడు దాని వంక కన్నెత్తి చూడలేదు, తిన్నగా ఎడమ మోకాలికే వచ్చాడు. ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడైంది, ఆ చప్పుడు నాకంటే ముందు పక్షులు విన్నాయి, ఎగిరిపోయాయి. మోసుకెళ్తున్న నలుగురికీ రైలు కథ చెప్పాను, అప్పటికప్పుడు పుట్టింది, వాళ్ళు నవ్వాపుకోలేక నన్ను కింద పడేశారు.

ఆ తర్వాత రెండోరోజో మూడోరోజో ఆసుపత్రిలో మంచం పక్కన అన్నాచెల్లెళ్ళిద్దరూ నిలబడ్డారు, వాడి చేతిలో కమలాపళ్ళ సంచీ, వాడికి ఇంకో పండు తెలీదు. ఆ అమ్మాయి తిన్నగా నా మొహంలోకి చూసి, "ఏ కాలో మా అన్నయ్యకి చెప్పింది నేనండీ" అంది. మరి నీకెవరు చెప్పారు అన్నాను. "మీరే. మెట్లు దిగుతూ" అంది. అన్ని ఆటలాడాను, అందరితో ఆడాను, ఇంత తిన్నగా నా మీదకి వచ్చిన మనిషిని నేను చూడలేదు. మా సంబంధానికి పెళ్ళిపెద్ద ఈ మోకాలే. ఫుట్‌బాల్ పోయింది, కుస్తీ పోయింది, పరుగు చెప్పనే అక్కర్లేదు, సైకిల్ ఒక్కటి మిగిలింది, గుండ్రంగా తిరిగే పనికి మోకాలు ఒప్పుకునేది, దాంతోనే ఇంకొన్నాళ్ళు జీతం తిన్నాను. పెళ్ళయిన కొత్తలో ఓ ముసురురోజు వంటింట్లో పీట మీంచి లేస్తూ అబ్బా అనేశాను. మేస్త్రీ చూడటం లేదు కదా, ఇల్లే కదా అని నోరు జారింది. ఆవిడ పొయ్యి మీది గిన్నె దించి కింద పెట్టింది. అటు తిరిగి నిలబడింది. ఆ పూట అన్నం ముట్టుకోలేదు. అంతే, ఆ సాయంత్రం నుంచీ నా ఎడమ మోకాలు నయమైపోయింది. "నీ అన్న తన్నింది ఎప్పుడో మానిపోయిందే, ఇప్పుడు లాగేది కుడిది, సైకిల్ మీంచి పడ్డది" అని చెప్పి కుడికాలు కుంటడం మొదలెట్టాను. ఇక ఆపలేదు. ఎదుటి జట్టు లేదు, మైదానం లేదు, ఆ గోదాము కూడా పడగొట్టేశారు, నేను మాత్రం ఇంట్లో వంటింటికీ పడగ్గదికీ మధ్య ఆడుతూనే ఉన్నాను. ఆవిడ ముందు నా ఎడమకాలు రాజు.

ఇప్పుడు ఏం చెయ్యను? నోరు మూసుకుంటే నొప్పి ఎరగని కాలు కోస్తారు, ఇనప కీలు దానికి వస్తుంది, చెడ్డది చెడ్డదిగానే ఉంటుంది, గుండె రెండోసారి ఒప్పుకోకపోతే ఇక మంచంలోనే. పోనీ చెప్తే, చెప్తే ఆవిడ వింటుంది. ఇన్నేళ్ళూ పొద్దున లేచిన దగ్గర్నుంచి, తను చూపించిన కాలు, తను చూపించిన చోటే, నొప్పెడుతూనే ఉందని వింటుంది. మళ్ళీ ఆ గిన్నె దించుతుంది. కిటికీలోంచి ఎండ జారి నా పాదాల మీదకి వచ్చింది, ఎడమ పాదం మీద కాస్త ఎక్కువ పడింది, హాయిగా ఉంది, ఒక నిమిషం పాటు ఏ కాలూ ఏమీ అనలేదు. మనిషి వెల్లకిలా పడుకుంటే రెండు కాళ్ళూ ఒకటే, ఎవడు కుంటివాడో చెప్పు చూద్దాం. కుస్తీలో వెల్లకిలా పడితే ఓడినట్టు లెక్క గానీ, ఇలా ఎవరూ పైన కూర్చోకుండా పడుకుంటే ఓటమి కూడా బాగుంటుందనిపించింది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు, ఆవిడదే, నాకు తెలుసు. ఇటు తలుపు తోసుకుని డాక్టరు కూడా వచ్చాడు, మొహానికి కట్టుకున్న గుడ్డ గడ్డం కిందకి లాక్కుంటూ. ఇద్దరూ ఒకేసారి నా దగ్గరికి చేరారు. ఆవిడ గోడకీ స్ట్రెచర్‌కీ మధ్య సందులో దూరి నిలబడింది, ఇటు బోలెడంత ఖాళీ ఉండగా. "మా అన్నయ్య చెప్పమన్నాడు, ఈసారి తన్నింది తను కాదట" అంది. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూ ఆ సందు వంక చూశాను, అది నా ఎడమపక్క. ఎందుకు దూరిందబ్బా అందులో అనుకున్నాను. అప్పుడు ఒక్కొక్కటే కళ్ళముందుకొచ్చాయి, బస్సు దిగేటప్పుడు ఈవిడ ఎక్కడుంటుంది, ఎడమపక్క. సినిమాహాలు మెట్ల మీద, ఎడమపక్క. గుంతలున్న రోడ్డు మీద నా మోచెయ్యి పట్టుకునేది, ఎడమది. నేను కుంటే కాలు అటుంటే ఈవిడ ఆసరా ఇటెందుకుండేది, ఇన్నేళ్ళలో ఒక్కసారి ఆలోచించలేదు, తింగరివాణ్ణి.

డాక్టరు దుప్పటి ఎత్తి, కలం మూత పళ్ళతో లాగి, "కుడిదే కదా పెద్దాయనా?" అన్నాడు. చెప్పేద్దామనే నోరు తెరిచాను. ఈలోగా ఆవిడ, "ఒక్కసారి మళ్ళీ నొక్కి చూడు బాబూ, రెండూనూ" అంది. ఆయన కుడిదాన్ని నొక్కాడు. అమ్మో అన్నాను, అలవాటు నాకంటే ముందే లేచి కూర్చుంది. ఎడమదాన్ని నొక్కాడు. బొటనవేలు తిన్నగా అక్కడే దిగింది, రోలు తన్నిన చోటే, కళ్ళముందు ట్యూబులైటు పదహారు ముక్కలైంది. ఎడమది బాబూ, ఎడమది, అనాలి, రెండే మాటలు, నాలుక మీదే ఉన్నాయి. నోట్లోంచి వచ్చింది మాత్రం, "అసలు ఆ రోజు రైలు డ్రైవరు తల బయటపెట్టి నన్ను చూశాడు డాక్టరు బాబూ, చూసి..."

"అదే కాలు. గియ్యి బాబూ" అంది ఆవిడ.

డాక్టరు నన్నూ ఆవిడనీ మార్చి మార్చి చూశాడు. "ఆయన ఏమీ అనలేదు కదమ్మా?"

"కథ మొదలెట్టాడుగా. నొప్పి లేనప్పుడు ఈయనకి మాట పెగలదు. మా ఇంట్లో వాన ముసురేస్తే రోజంతా కథలే, మిగతా రోజుల్లో గోడతో కాపరం" అంది. నా వైపు తిరగలేదు, మోకాలికేసే చూస్తోంది, తను కుట్టిన బంతిని చూసుకున్నట్టు. "నే చూపించిన కాలు నాకు తెలీదా ఏమయ్యా?"

"మరి ఎప్పుడూ అనలేదేమే?" అన్నాను.

"అంత కష్టపడి దాస్తుంటే లాక్కోవడమెందుకని. పోయిన వారం చెప్తావేమో అని చూశా. ఇవాళ పొద్దున చెప్తావేమో అని చూశా. ఇంక కోత పెట్టేదాకా ఊరుకోమన్నావా?" అని ఆగి, "అయినా కథలు బాగుండేవిలే" అంది. ఈసారి ఏ గిన్నే దించలేదు.

డాక్టరు కలం మోకాలి మీదే ఆపాడు. నన్నే అడిగాడు, "ఏమంటారు పెద్దాయనా, ఎడమదేనా?" అవునన్నాను. అంత చిన్న మాట నేనెప్పుడూ చెప్పలేదు, నోటికి రుచి తెలీలేదు. కలం చల్లగా మోకాలి చుట్టూ తిరిగింది, మాలిష్ మేస్త్రీ వేలు ఆగిపోయాక ఉండే చల్లదనం. నర్సమ్మ వచ్చి గీత చూసి, నా మొహం చూసి, "నిజమా తాతగారూ!" అని నోటిమీద చెయ్యేసుకుంది. బండి కదిలింది, ముందు చక్రం మళ్ళీ కిర్రుమంది, చలికాలం పలకలు ఒక్కొక్కటే నా కింద నుంచి వెళ్ళిపోతున్నాయి. ఆవిడ గోడని రాసుకుంటూ ఆ ఇరుకులోనే నడుస్తోంది, ఎడమపక్కే, మోకాలి పైన దుప్పటి మీద చెయ్యేసి, బరువు ఆనకుండా. తలుపు దగ్గరికొచ్చేసరికి ఆవిణ్ణి ఇంక లోపలికి రావద్దన్నారు. ఆవిడ వంగింది.

"తర్వాత? ఆ డ్రైవరు తల బయటపెట్టాడు సరే, పందెం ఏమైంది?"

ఇన్నేళ్ళుగా ఇన్నిసార్లు చెప్పాను, రైలుని దాటేశానని చెప్పగానే జనం నవ్వేవాళ్ళు, నవ్వాక ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు. నాకు మోకాలు భగ్గున మండుతోంది, కథ ఇంకా పెద్దగా ఉబకాలి, ఉబకలేదు.

"రైలే గెలిచిందే" అన్నాను.